వెళ్తా, వెళ్తున్నా, వెళ్ళా: ఇంగ్లీష్‌లో ఎక్కడ ఏ టెన్స్ వాడాలి

టెన్స్‌లు అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది ఆ పన్నెండు గళ్ళ టేబుల్. పైన ప్రెజెంట్, పాస్ట్, ఫ్యూచర్, పక్కన సింపుల్, కంటిన్యువస్, పర్ఫెక్ట్, పర్ఫెక్ట్ కంటిన్యువస్. పరీక్షలో రాయమంటే టకటకా రాసేస్తాం, అదే ఎవరైనా ఎదురుగా కూర్చుని నిన్నేం చేశావని ఇంగ్లీష్‌లో అడిగితే మాత్రం డిడ్డా, హావా, హాడా అని లోపల లాటరీ తీస్తాం. నేను పదో తరగతి దాకా తెలుగు మీడియమే, ఆ టేబుల్ బట్టీ కొట్టినవాణ్ణే. ఉద్యోగంలో చేరాక ఏళ్ళ తరబడి తప్పులు మాట్లాడీ మాట్లాడీ చివరికి తెలిసిందేంటంటే ఆ టేబుల్‌లో తప్పేం లేదు, కాకపోతే దాన్ని ఇంగ్లీష్ వైపు నుంచి గీశారు, మనకి మాట పుట్టేది తెలుగు వైపు నుంచి. అందుకే మా మేనకోడలు ఇంటర్‌లో ఉన్నప్పుడు "మావయ్యా నాకు టెన్స్‌లు ఎక్కట్లేదు" అంటే టేబుల్ మూసేసి తెలుగులోంచే మొదలుపెట్టించా, ఇక్కడా అదే చెప్తా.

మన రోజువారీ మాటల్లో క్రియకి ముఖ్యంగా మూడు తోకలుంటాయి. వెళ్తా, వెళ్తున్నా, వెళ్ళా. తెలంగాణలో పోత, పోతున్న, పోయిన అంటారు, తోకలు కాస్త మారినా లెక్క మాత్రం అదే. ఈ మూడింటితోనే బతుకంతా నడిపించేస్తాం. గొడవ ఎక్కడంటే ఇందులో ఒక్కోటి ఇంగ్లీష్‌లోకి వెళ్ళేసరికి రెండు మూడు దారులుగా చీలిపోతుంది. ఆ చీలిక దగ్గర ఆగి మనల్ని మనం ఒక ప్రశ్న వేసుకోవాలి, అంతే పని. చీలిక ఉందనే తెలియకపోతే మాత్రం ఎన్ని పుస్తకాలు తిరగేసినా అదే తప్పు మళ్ళీ మళ్ళీ వస్తుంది.

ముందు "వెళ్తా" సంగతి. "రోజూ ఆఫీసుకి బస్సులో వెళ్తా", "రేపు ఆఫీసుకి బస్సులో వెళ్తా", రెండిట్లోనూ క్రియ ఒకటే, తేడా అంతా రోజూ, రేపు అన్న మాటల్లో ఉంది. ఇంగ్లీష్‌లో అలా కుదరదు, మొదటిది "ఐ గో", రెండోది "ఐ విల్ గో". కాబట్టి "తా" వచ్చినప్పుడు వేసుకోవాల్సిన ప్రశ్న, ఇది అలవాటా, ఇంకా జరగాల్సిందా? అలవాటు, స్వభావం, ఎప్పటికీ నిజమైన విషయం అయితే సింపుల్ ప్రెజెంట్. స్కూల్లో తెలుగు వ్యాకరణంలో భూత, భవిష్యత్, వర్తమానాలతో పాటు తద్ధర్మం అని నాలుగోది ఒకటి చెప్పేవారు గుర్తుందా, "సూర్యుడు తూర్పున ఉదయిస్తాడు" అని. ఇంగ్లీష్ వాళ్ళ సింపుల్ ప్రెజెంట్ దాదాపు అదే. దాని పేర్లో ప్రెజెంట్ ఉందని ఇప్పుడు జరుగుతున్నదానికి వాడేస్తాం, నిజానికి అది వర్తమానం కన్నా తద్ధర్మానికే దగ్గర. ఈ ఒక్క ముక్క నాకు ఎనిమిదో తరగతిలో ఎవరైనా చెప్పుంటే ఎంత బాగుండేదో, తెలుగు సార్ ఒక గదిలో, ఇంగ్లీష్ సార్ ఇంకో గదిలో, మధ్యలో గోడ.

తద్ధర్మం అని గుర్తు పెట్టుకుంటే "మీరెక్కడుంటారు" అన్నదానికి జవాబు కూడా సులువు. "కూకట్‌పల్లిలో ఉంటా" అంటే "ఐ లివ్ ఇన్ కూకట్‌పల్లి". "ఉంటున్నా" అనిపిస్తే, అంటే ప్రస్తుతానికి పీజీ హాస్టల్లో ఉన్నా తర్వాత మారిపోతా అనే అర్థం ఉంటే "ఐ యామ్ లివింగ్". చూడండి, ఇక్కడ తెలుగే మనకి దారి చూపిస్తోంది. ఒక్క జాగ్రత్త, హీ, షీ, ఇట్ వచ్చినప్పుడు క్రియకి చివర ఎస్ తగలాలి, "షీ గోస్". ఈ రూల్ అందరికీ తెలుసు, మాట్లాడేటప్పుడు అందరమూ మర్చిపోతాం, దానికి మందు నోటికి అలవాటు చేయడమే.

ఇంకో మాట. "నేను రోజూ ఆరింటికి లేస్తా" అనడానికి "ఐ యూజ్డ్ టు వేకప్ ఎట్ సిక్స్" అనేవాళ్ళు బోలెడుమంది. అది తప్పు, అలా అంటే ఒకప్పుడు లేచేవాణ్ణి, ఇప్పుడు లేవట్లేదు అని అర్థం. యూజ్డ్ టు మన "లేచేవాణ్ణి, వెళ్ళేవాళ్ళం, ఆడుకునేదాన్ని" అనే రూపానికి సరిపోతుంది. "చిన్నప్పుడు ఎండాకాలం సెలవులకి అమ్మమ్మ వాళ్ళింటికి వెళ్ళేవాళ్ళం", అదిగో అక్కడ పెట్టండి "వి యూజ్డ్ టు గో" అని, సరిగ్గా కూర్చుంటుంది.

ఇక రెండో తోక, "తున్నా". నా లెక్కలో మనవాళ్ళ తప్పుల్లో సగం ఇక్కడే పుడతాయి, అందుకే దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుదాం. "తున్నా"లో ఉన్నది "ఉన్నా" కదా, ఆ "ఉన్నా" ఇవాళ్టికీ పనికొస్తుంది, నిన్నటికీ పనికొస్తుంది. "ఇప్పుడు ఇంట్లో ఉన్నా", "నిన్న సాయంత్రం ఇంట్లో ఉన్నా". యామ్, వాజ్ రెండూ మనకి ఒకే మాట. అందువల్ల "నువ్వు ఫోన్ చేసినప్పుడు స్నానం చేస్తున్నా" అనే వాక్యం తెలుగులో ఏ ఇబ్బందీ లేకుండా నడుస్తుంది, దాన్నే ఇంగ్లీష్‌లో "వెన్ యూ కాల్డ్, ఐ యామ్ బేదింగ్" అనేస్తాం. ఫోన్ నిన్న వచ్చింది కాబట్టి స్నానం కూడా నిన్నకే వెళ్ళాలి, "ఐ వాజ్ బేదింగ్". అంటే తున్నా వస్తే మొదటి ప్రశ్న, ఇది ఈ నిమిషం సంగతా, అయిపోయిన నిమిషం సంగతా?

రెండో ప్రశ్న ఇంకా ముఖ్యం, వాక్యంలో "నుంచి" ఉందా? "మూడేళ్ళ నుంచి ఇక్కడే పనిచేస్తున్నా." ఈ వాక్యాన్ని "ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ త్రీ ఇయర్స్" అనని తెలుగువాణ్ణి నేనింతవరకూ చూడలేదు, నేనే ఎన్నిసార్లన్నానో. ఇందులో తప్పులు రెండు. నుంచి అంటే పని వెనక ఎప్పుడో మొదలై ఇప్పటిదాకా సాగుతోందని, అప్పుడు యామ్ చాలదు, హావ్ బీన్ కావాలి. ఇక సిన్స్ పక్కన రావాల్సింది మొదలైన సమయం, 2019, సోమవారం, పొద్దున, పెళ్ళయినప్పటి నుంచి, ఇలాంటివి. మూడేళ్ళు, రెండ్రోజులు, గంట లాంటి కొలత వస్తే ఫర్. కాబట్టి "ఐ హావ్ బీన్ వర్కింగ్ హియర్ ఫర్ త్రీ ఇయర్స్", అదే 2019 నుంచి అనాలంటే "సిన్స్ 2019". తెలుగులో రెండిటికీ నుంచే కాబట్టి మనకి ఆ తేడా పుట్టుకతో రాదు, గోడ మీద రాసుకోవాల్సిందే. మా మేనకోడలు నిజంగానే చార్ట్ మీద "నుంచి = హావ్ బీన్" అని రాసి ఫ్రిజ్‌కి అంటించింది, వాళ్ళమ్మ పాలవాడి లెక్క కూడా దాని మీదే రాసేది.

కొన్ని క్రియలకి ఇంగ్లీష్‌లో మామూలుగా ఐఎన్‌జీ పడదు. నో, లైక్, వాంట్, నీడ్, బిలీవ్, అండర్‌స్టాండ్, బిలాంగ్, ఇవి చేసే పనులు కావు, ఉండే స్థితులు. ఇందులో మంచి సంగతేంటంటే తెలుసు, ఇష్టం, కావాలి అనే మన మాటలకి కూడా తున్నా అతకదు, "తెలుస్తున్నాను" అని ఎవరూ అనరు కదా. మరి "ఐ యామ్ నోయింగ్ హిమ్" ఎందుకంటామో దేవుడికెరుక, ఐఎన్‌జీ పెడితే కాస్త ఇంగ్లీష్‌లా వినిపిస్తుందనేమో. అసలు జాగ్రత్తగా ఉండాల్సింది నమ్ముతున్నా, అర్థమవుతోంది లాంటి చోట్ల, ఎందుకంటే ఇక్కడ తెలుగులో తున్నా ఉంటుంది, ఇంగ్లీష్‌లో ఉండదు, "ఐ బిలీవ్", "ఐ అండర్‌స్టాండ్" అంతే. అలాగే "నాకు ఇద్దరు అన్నయ్యలున్నారు" అన్నదాన్ని "ఐ యామ్ హావింగ్ టు బ్రదర్స్" అనొద్దు, "ఐ హావ్" చాలు. కానీ భోంచేస్తున్నా అనడానికి "ఐ యామ్ హావింగ్ లంచ్" అంటే తప్పు లేదు, అక్కడ హావ్ అంటే తినడం, అది పనే. మరి ఆ మెక్‌డొనాల్డ్స్ బర్గర్ల యాడ్‌లో "ఐ యామ్ లవింగ్ ఇట్" అన్నారుగా అని మీలో ఒకరు కచ్చితంగా అడుగుతారు, వాళ్ళు యాడ్ కోసం అన్నారు, ఇంటర్వ్యూకి వెళ్ళేవాళ్ళం మనం.

ఇక మూడోది, "వెళ్ళా, తిన్నా, చేశా". ఇది సింపుల్ పాస్ట్, ప్రెజెంట్ పర్ఫెక్ట్ అని రెండుగా చీలుతుంది. మా రోజుల్లో గ్రామర్ పుస్తకాల్లో ప్రెజెంట్ పర్ఫెక్ట్‌కి తెలుగు అర్థం "నేను భోజనము చేసియున్నాను" అని ఉండేది. చేసియున్నాను అని మీ ఇంట్లో ఎవరైనా అంటారా చెప్పండి. మనం అనని మాటని గుర్తుగా ఇచ్చారు కాబట్టి ఆ టెన్స్ వాడాల్సిన చోటు ఎప్పటికీ గుర్తుపట్టలేకపోయాం.

దీనికి ప్రశ్న ఏంటంటే, ఎప్పుడు జరిగిందో చెప్తున్నానా, జరిగినదాని వల్ల ఇప్పుడు ఎలా ఉందో చెప్తున్నానా? తలుపు బయట నిలబడి "తాళాలు పోగొట్టుకున్నా" అంటే ఇప్పుడు లోపలికి వెళ్ళలేను అనేది అసలు విషయం, "ఐ హావ్ లాస్ట్ మై కీస్". "మొన్న తాళాలు పోగొట్టుకున్నా, మళ్ళీ స్కూటీ డిక్కీలో దొరికాయి" అంటే అదొక అయిపోయిన కథ, "ఐ లాస్ట్". నిన్న, మొన్న, పోయిన వారం, 2021లో, పొద్దున ఎనిమిదింటికి, ఇలా అయిపోయిన సమయం ఏది నోట్లోకి వచ్చినా హావ్ కి సెలవు. "ఐ హావ్ సీన్ హిమ్ యెస్టర్‌డే" తప్పు, "ఐ సా హిమ్ యెస్టర్‌డే". రెజ్యూమెల్లో, ఇంటర్వ్యూల్లో తరచుగా వినపడే "ఐ హావ్ కంప్లీటెడ్ మై బీటెక్ ఇన్ 2021" కూడా ఇలాంటిదే, సంవత్సరం చెప్పారు కాబట్టి "ఐ కంప్లీటెడ్". సంవత్సరం తీసేస్తే "ఐ హావ్ కంప్లీటెడ్ మై బీటెక్" నిక్షేపంగా ఉంటుంది.

హావ్ వైపు లాగే తెలుగు మాటలు కొన్ని ఉన్నాయి. ఎప్పుడైనా, ఇప్పటిదాకా, ఇంకా లేదు, ఇప్పుడే, ఆల్రెడీ. "ఇంకా తినలేదు" అంటే "ఐ హావెంట్ ఈటెన్ యెట్". "రాత్రి తినలేదు" అంటే "ఐ డిడంట్ ఈట్ లాస్ట్ నైట్". తినలేదు అన్న ముక్క రెండు చోట్లా ఒకటే, దాని ముందున్న మాటే దారి తేలుస్తుంది. "ఇక్కడికి రావడం ఇదే ఫస్ట్ టైం" అన్నదాంట్లో కూడా హావే, "దిస్ ఈజ్ ద ఫస్ట్ టైమ్ ఐ హావ్ కమ్ హియర్", మనం అనేసే "ఐ యామ్ కమింగ్ ఫస్ట్ టైమ్" కాదు. అమెరికాలో ఉన్నవాళ్ళకి ఒక చిన్న వెసులుబాటు, అక్కడ ఆల్రెడీ, జస్ట్, యెట్ ఉన్నా సింపుల్ పాస్ట్ మామూలుగా వాడేస్తారు. మన "తిన్నావా" అన్న పలకరింపుకి బ్రిటిష్ పద్ధతిలో "హావ్ యూ ఈటెన్ యెట్", అక్కడైతే "డిడ్ యూ ఈట్ యెట్" అన్నా ఎవరూ అదోలా చూడరు.

బీన్, గాన్ తేడా చాలామంది కష్టం అనుకుంటారు గానీ తెలుగులో అది ఆల్రెడీ ఉంది. "అన్నయ్య అరకు వెళ్ళాడు" అంటే ఇంట్లో లేడు, అక్కడున్నాడు, "హీ హాజ్ గాన్ టు అరకు". "అన్నయ్య అరకు వెళ్ళొచ్చాడు" అంటే చూసొచ్చేశాడు, "హీ హాజ్ బీన్ టు అరకు". వెళ్ళాడు గాన్, వెళ్ళొచ్చాడు బీన్. అయిపోయింది, దీనికి వేరే క్లాస్ అక్కర్లేదు.

ఈ చీలిక దగ్గర నేను తిన్న దెబ్బ ఒకటి చెప్తా. ఉద్యోగం మారదామని ఒక చోట ఇంటర్వ్యూకి వెళ్ళా. అప్పుడు చేస్తున్న కంపెనీ గురించి అడిగితే "మూడేళ్ళు పనిచేశానండీ" అని తెలుగులో అనుకుని "ఐ వర్క్డ్ దేర్ ఫర్ త్రీ ఇయర్స్" అన్నా. ఆయన వెంటనే ఎందుకు మానేశారు, ఎప్పుడు మానేశారు అని అడగడం మొదలుపెట్టాడు, నేను మానలేదంటా, ఆయన మరి వర్క్డ్ అన్నారుగా అంటాడు, ఏదో దాస్తున్నానని అనుమానం వచ్చినట్టుంది, ఆ పది నిమిషాలూ పే స్లిప్పుల గురించే సరిపోయింది. "ఐ హావ్ వర్క్డ్ దేర్ ఫర్ త్రీ ఇయర్స్" అనుంటే ఇంకా అక్కడే ఉన్నానని అర్థమయ్యేది. ఉద్యోగం రాలేదు, దానికి కారణం ఇదే అని చెప్పలేను గానీ ఆ రోజు నుంచి హావ్ మీద గౌరవం పెరిగింది.

హాడ్ గురించి. మనవాళ్ళకి హాడ్ అంటే ఎక్కడలేని ప్రేమ, పెద్దమనిషి తరహాగా ఉంటుందనుకుంటా. "లాస్ట్ వీక్ ఐ హాడ్ గాన్ టు తిరుపతి" అని మొదలుపెడతారు. వినేవాడు ఆ తర్వాత ఏమైందో అని ఎదురుచూస్తాడు, ఎందుకంటే హాడ్ ఒంటరిగా బతకదు, గతంలో రెండు పనులుండి అందులో ముందు జరిగినదానికి వేసే గుర్తు అది. ఉత్తినే తిరుపతి వెళ్ళొచ్చిన కబురు చెప్పాలంటే "ఐ వెంట్" చాలు. మరి హాడ్ ఎక్కడ? మన "ఏసరికి" ఉన్నచోట. "నేను స్టేషన్‌కి వెళ్ళేసరికి ట్రైన్ వెళ్ళిపోయింది." ఇంగ్లీష్‌లో "వెన్ ఐ రీచ్‌డ్ ద స్టేషన్, ద ట్రైన్ హాడ్ లెఫ్ట్". ముందు వెళ్ళింది ట్రైన్, కాబట్టి హాడ్ ట్రైన్‌కి, మనకి కాదు. నేను చాలాకాలం హాడ్ తీసుకెళ్ళి నాకే తగిలించుకునేవాణ్ణి. "ట్రైన్ లెఫ్ట్" అని ఊరికే అంటే మనం చేరాక కదిలిందన్నట్టు వినిపిస్తుంది, పరిగెత్తితే దొరికేదేమో కదా.

డిడ్ గురించి ఒక్క ముక్క. "డిడ్ యూ వెంట్", "ఐ డిడంట్ వెంట్" అనొద్దు. గతాన్ని డిడ్ ఆల్రెడీ మోస్తోంది, మళ్ళీ క్రియ కూడా మోయక్కర్లేదు. డిడ్ ఉంటే ఎప్పుడూ వి వన్, అంటే గో, సీ లాంటి అసలు రూపమే.

భవిష్యత్తుకి వద్దాం. ఇక్కడ తెలుగు మనకి బ్రహ్మాండంగా సాయం చేస్తుంది, కానీ అన్నిటికీ విల్ పెట్టి ఆ సాయం పాడుచేసుకుంటాం. "ఆగు, నేను తెస్తా" అని అప్పటికప్పుడు అనుకుంటే "ఐ విల్ బ్రింగ్". "రేపు వైజాగ్ వెళ్తున్నా" అంటే టికెట్ అయిపోయింది, బ్యాగ్ సర్దేశాం, "ఐ యామ్ గోయింగ్ టు వైజాగ్ టుమారో". చూశారా, తెలుగులో కూడా తున్నానే. "వర్షం వచ్చేలా ఉంది" అని మబ్బు చూసి చెప్తే "ఇట్ ఈజ్ గోయింగ్ టు రెయిన్". టైంటేబుల్ ప్రకారం నడిచేవి "ద ట్రైన్ లీవ్స్ ఎట్ సిక్స్ థర్టీ", దీనికి విల్ వాడినా పర్లేదు గానీ సింపుల్ ప్రెజెంట్ సహజంగా ఉంటుంది. ఇక "నువ్వొస్తే చెప్తా", "నువ్వొచ్చాక చెప్తా" లాంటి వాటిల్లో విల్ ఒక్కసారే, చెప్తా దగ్గర. వస్తే, వచ్చాక, వచ్చేదాకా అన్నవాటికి విల్ పెట్టకూడదు, "ఇఫ్ యూ కమ్, ఐ విల్ టెల్ యూ". "ఇఫ్ యూ విల్ కమ్" అనేస్తాం, మానుకోవాలి. ఫ్యూచర్ పర్ఫెక్ట్ "నువ్వొచ్చేసరికి వంట అయిపోయి ఉంటుంది" లాంటివాటికి, విల్ హావ్ అని వస్తుంది, రోజువారీ మాటల్లో దాని అవసరం తక్కువ. ఫ్యూచర్ పర్ఫెక్ట్ కంటిన్యువస్ నేను పరీక్షలో తప్ప ఎప్పుడూ వాడలేదు.

ఎవరో అన్న మాట మళ్ళీ చెప్పేటప్పుడు ఇంకో తిరకాసు ఉంది. తెలుగులో మన "అని" గొప్పది, అవతలివాడు అన్నదాన్ని ఉన్నదున్నట్టు పట్టుకొచ్చి పెడుతుంది. "వస్తానన్నాడు", "తెలీదన్నాడు". లోపల వస్తాను, తెలీదు అలాగే ఉండిపోతాయి. ఇంగ్లీష్‌లో "హీ సెడ్" అన్నాక లోపలిది కూడా మామూలుగా ఒక మెట్టు వెనక్కి దిగుతుంది, "హీ సెడ్ హీ వుడ్ కమ్", "హీ సెడ్ హీ డిడంట్ నో". విల్ కాస్తా వుడ్ అవుతుంది, డోంట్ కాస్తా డిడంట్ అవుతుంది, యామ్ వాజ్ అవుతుంది. ఆఫీసులో క్లయింట్ ఏమన్నాడో మేనేజర్‌కి మెయిల్ రాసేటప్పుడు ఇది రోజూ పనికొస్తుంది.

ప్రాక్టీస్ ఎలా అంటే, కొత్త పుస్తకం కొనొద్దు. మీ వాట్సాప్ తెరవండి, నిన్న మీరు ఇంట్లోవాళ్ళకి, ఫ్రెండ్స్‌కి తెలుగులో పెట్టిన మెసేజ్‌లు పది తీసుకోండి, అవి మీ నోటి నుంచి వచ్చిన సొంత వాక్యాలు, పుస్తకంలో రాముడు మామిడిపండు తినే వాక్యాలు కావు. ఒక్కోదాన్ని ఇంగ్లీష్‌లో రాసే ముందు క్రియ తోక చూడండి, తా, తున్నా, లేదా వెళ్ళా, చేశాల్లో ఉండే "ఆ", దానికి తగ్గ ప్రశ్న వేసుకోండి, తర్వాతే రాయండి. మొదట్లో పది వాక్యాలకి అరగంట పడుతుంది, పట్టనివ్వండి. ఇంకోటి, వారానికి ఒక్క చీలికే పట్టుకోండి. ఒక వారమంతా నుంచి ఉన్న వాక్యాలు మాత్రమే, ఇంకో వారం నిన్నా మొన్నా ఉన్నవి. మా మేనకోడలు అలా ఒక్కో వారం ఒక్కోటి చేసింది, ఇప్పుడు నా మెయిల్స్‌లో తప్పులు తనే పడుతోంది, అదొక బాధ. గో వెంట్ గాన్, సీ సా సీన్ లాంటి లిస్ట్ మాత్రం బట్టీ కొట్టక తప్పదు, దానికి తెలుగు సాయం లేదు, బస్సులో కూర్చుని రోజుకి ఐదు చొప్పున లాగించండి.

అన్నట్టు ఒకదానికి మాత్రం ఎంత వెతికినా నాకు టెన్స్ దొరకలేదు. ఫ్రెండ్ ఫోన్ చేసి ఎక్కడున్నావురా అంటే మనం ఇంకా బాత్రూంలోనే ఉండి "వచ్చేశా వచ్చేశా" అంటాం చూడండి, అది పాస్ట్ కాదు, పర్ఫెక్ట్ కాదు, ఫ్యూచర్ అని కూడా గ్యారంటీ లేదు. దాన్ని "ఐ హావ్ కమ్" అనకండి, వాడు నిజంగా కిందకి దిగి వెతుక్కుంటాడు. "ఐ యామ్ ఆన్ ద వే" అనండి, అదీ అబద్ధమే గానీ గ్రామర్ కరెక్ట్‌గా ఉంటుంది.